పెట్రోలు గొట్టం చెప్పిన పాఠం

— ఒక పూర్వ విద్యార్థి, మెకానికల్ శాఖ (1977–82)

సావనీరుకి ఏదైనా రాసి పంపమని విద్యార్థి సంఘం మిత్రులు ఉత్తరం రాసినప్పుడు, మొదట హాస్టలు రోజుల జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. కానీ ఆ సాంబారు గురించీ, ఆ మామిడిచెట్టు గురించీ నాకంటే బాగా రాసినవాళ్లు ఇదివరకే ఉన్నారు. ఉత్తరం చివర వాళ్లు ఇంకో మాట కూడా రాశారు: "ఈ ఏడు మన కుర్రాళ్లు పోటీకి కారు తయారు చేస్తున్నారు సార్". ఆ ఒక్క వాక్యం చదవగానే ఏం రాయాలో తేలిపోయింది. ఇది ఇంజను గురించి కాదు, గేర్లను గురించి కాదు. వెనకనున్న ట్యాంకు నుంచి ముందున్న ఇంజను దాకా పోయే మూడు మీటర్ల గొట్టం గురించి. ఎవరూ ఫొటో తీయించుకోని భాగం ఇది. కారుని తగలబెట్టగలిగే భాగం కూడా ఇదే.

కిట్ కారు అంటే ఏమిటి?

నేను ఉద్యోగరీత్యా ఇంగ్లండులో స్థిరపడినవాణ్ణి. అక్కడ కారుని విడిభాగాలుగా కొని ఇంటి గ్యారేజీలో బిగించుకునే అలవాటు చాలా పాతది. కొలిన్ చాప్‌మన్ 1957లో బయటికి తెచ్చిన లోటస్ సెవెన్ ఇందుకు పెట్టింది పేరు. పూర్తి కారు కొంటే కొనుగోలు పన్ను కట్టాలి. విడిభాగాలుగా కొంటే అక్కర్లేదు. ఆ వెసులుబాటు మూలంగానే ఈ రకం కార్లకి గిరాకీ పెరిగింది. 1973లో పన్నుల పద్ధతి మారిపోయినా సరదా మాత్రం పోలేదు. అదే ఏడు ఆ కారు తయారీ హక్కులు కేటర్‌హామ్ సంస్థకి వెళ్లాయి. ఆ నమూనాని అనుసరించి చిన్నాపెద్దా సంస్థలెన్నో చట్రాలు తయారు చేస్తూ వచ్చాయి.

నేను కొన్నది అలాంటి చట్రమే. చదరపు గొట్టాల పంజరం, దానిమీద అల్యూమినియం రేకు. ఇంజను, గేరుపెట్టె, ఇరుసులు ఒక పాత మాజ్దా కారు నుంచి తీసినవి. అలాంటి కారుని అక్కడ 'దాత' అంటారు, అవయవదానం చేసినట్టు! తయారైన బండి రోడ్డెక్కాలంటే ప్రభుత్వ పరీక్ష నెగ్గాలి. 2009 నుంచి ఒక్కొక్క బండినీ విడిగా పరీక్షించి ఆమోదించే కొత్త పద్ధతి అమల్లోకి వచ్చింది. పరీక్షాధికారి టార్చిలైటు పట్టుకుని కారు కిందికి దూరి చూసేవాటిలో పెట్రోలు గొట్టం ఒకటి.

మన దేశంలో ఇలా సొంతంగా కారు కట్టుకుని రోడ్డుమీద తిప్పడం చట్టరీత్యా సులువు కాదు. కనుక ఆ సరదా మన కాలేజీలకు చేరింది. బాహా పోటీలు మన దేశంలో 2007 నుంచి, సుప్రా పోటీలు 2011 నుంచి జరుగుతూ వచ్చాయి. ఇంగ్లండులో ఫార్ములా స్టూడెంట్ 1998లోనే మొదలైంది. పేర్లు వేరైనా పెట్రోలు స్వభావం అన్నిచోట్లా ఒకటే.

గొట్టం ఎంత లావుండాలి?

మొదట లెక్క చూద్దాం. మన ఇంజను 130 గుర్రాల శక్తిది అనుకోండి. అంటే దాదాపు 97 కిలోవాట్లు. పూర్తి జోరులో పెట్రోలు ఇంజను ఒక్కో కిలోవాట్-గంటకి సుమారు 0.3 కిలోల పెట్రోలు తాగుతుంది. గంటకి 29 కిలోలు, అనగా సుమారు 39 లీటర్లు. కానీ ఇంజెక్షన్ ఇంజనులో పంపు అంతకంటే ఎక్కువే తోస్తుంది. మిగిలినది తిరుగు గొట్టం గుండా ట్యాంకుకి చేరుతుంది. నా పంపు గంటకి 120 లీటర్లది. అంటే సెకనుకి 33 ఘనపు సెంటీమీటర్లు.

నేను తీసుకున్నది అంగుళంలో పదహారు భాగాలకి అయిదు భాగాల గొట్టం. బయటి వ్యాసం 7.94 మి.మీ., లోపలి వ్యాసం సుమారు 6 మి.మీ. అందులో పెట్రోలు వేగం సెకనుకి 1.2 మీటర్లు వస్తుంది. ద్వితీయ సంవత్సరం ఫ్లూయిడ్ మెకానిక్సులో చదివిన సూత్రం ప్రకారం మూడు మీటర్ల పొడవుకి ఒత్తిడి నష్టం సుమారు 0.08 బార్.

ఇది ఎక్కువా తక్కువా? జవాబు పంపుకి ఏ వైపు అన్నదాన్ని బట్టి ఉంటుంది. పంపు తోసేవైపు 3 బార్ ఒత్తిడి ఉంటుంది కాబట్టి 0.08 పోయినా ఇంజనుకి తెలియదు. పీల్చేవైపు అలా కాదు. అక్కడ ఉన్నది వాతావరణ పీడనం మాత్రమే. పీల్చేకొద్దీ పీడనం తగ్గుతుంది, పీడనం తగ్గితే పెట్రోలు త్వరగా మరుగుతుంది, ఎండలో ఆవిరి బుడగలు కడుతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు కాని ఆవిరిని తోయలేదు. బండి నడిరోడ్డున ఆగిపోతుంది. దీన్నే వేపర్ లాక్ అంటారు.

కనుక సూత్రం ఇది: పంపు ట్యాంకు పక్కనే, వీలైతే ట్యాంకు అడుగుమట్టం కంటే కిందనే ఉండాలి. పీల్చే గొట్టం పొట్టిగా, లావుగా ఉండాలి. లోపలి వ్యాసం సగానికి తగ్గితే నష్టం రెట్టింపు కాదు, దాదాపు ముప్పై రెట్లవుతుంది. పీల్చేవైపు ముతక జల్లెడ, తోసేవైపు సన్నని ఫిల్టరు పెట్టేది కూడా ఇందుకే.

ఇంకొక లెక్క కూడా చేసి చూడండి. 3 బార్ ఒత్తిడికి ఈ గొట్టం గోడలో పుట్టే స్ట్రెస్ చదరపు మి.మీ.కి సుమారు 1 న్యూటన్. మెత్తని లోహం కూడా దీనికి ఎన్నో పదుల రెట్లు ఓర్చుకుంటుంది. అంటే గొట్టం పగిలేది ఒత్తిడి వల్ల కాదు. దాని అసలు శత్రువులు మూడు: అదురు, రాపిడి, తుప్పు. ఇకపై మనం చేసేదంతా ఈ మూడింటికోసమే.

ఏ లోహం?

రాగి చేతికి లొంగుతుంది, కాని అదురు తగిలేకొద్దీ గట్టిపడి బీటలిస్తుంది. మామూలు ఉక్కు గట్టిదే, పూత లేచిపోయినచోట తుప్పు పడుతుంది. విశాఖ సముద్రపు గాలికి మన స్కూటర్లు ఏమయ్యేవో గుర్తుంది కదా! ఇంగ్లండులో ఆ పని చలికాలం రోడ్లమీద చల్లే ఉప్పు చేస్తుంది. స్టెయిన్‌లెస్ ఉక్కు తుప్పుకి లొంగదు గాని కొత్త చేతికి కూడా లొంగదు. వంచడం కష్టం, మూతి విప్పడం ఇంకా కష్టం. దాన్నే వాడదలిస్తే అతుకు లేని, మెత్తబరచిన రకమే కొనాలి. అల్యూమినియం తేలిక, చవక. కాని ఒకచోట వంచి, మళ్లీ సరిచేసి, మళ్లీ వంచితే విరుగుతుంది.

నేను ఎంచుకున్నది రాగి-నికెల్ మిశ్రమం. తొంభై పాళ్లు రాగి, పది పాళ్లు నికెల్, కొద్దిగా ఇనుము, మాంగనీసు. ఓడల్లో సముద్రపు నీటి గొట్టాలకి వాడేది ఇదే. చేత్తో వంగుతుంది, తుప్పు పట్టదు, మూతి చక్కగా విప్పుకుంటుంది. ఖరీదు ఎక్కువే. అయినా మూడు మీటర్ల గొట్టంలో మిగిల్చే డబ్బు ఎవరినీ ధనవంతుణ్ణి చెయ్యదు.

దారి

గొట్టం వేసేముందు దారి గీయాలి. ఎగ్జాస్టుకి ఎదురువైపు నుంచి పోవాలి. తిరిగే ప్రొపెల్లర్ షాఫ్టుకి దూరంగా పోవాలి. కరెంటు తీగలతో కలిపి ఒకే కట్టగా కట్టకూడదు. చట్రంలో అన్నిటికంటే కిందనుండే అంచుకి పైనే ఉండాలి. లేకపోతే మొదటి స్పీడు బ్రేకరే దాని సంగతి చూస్తుంది. మనుషులు కూచునే చోట అతుకు ఉండకూడదు. రేకుకి రంధ్రం చేసిన ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్టు గాని, గోడకి బిగించే బల్క్‌హెడ్ ఫిట్టింగు గాని పెట్టాలి.

సుమారు ముప్పై సెం.మీ.లకి ఒక క్లిప్పు, రబ్బరు తొడుగు ఉన్నది, బిగించాను. వంపులకి అటూ ఇటూ కూడా వేశాను. క్లిప్పు లేని గొట్టం వీణ తీగలాంటిది. ఇంజను ఏదో ఒక వేగం దగ్గర దాన్ని మీటుతుంది. ఆ సంగీతం కొన్నాళ్లకి బీటగా తేలుతుంది.

కోయడం, వంచడం

ముందుగా వెల్డింగు తీగని దారి పొడుగునా వంచి నమూనా చేసుకోండి. తీగ తప్పు వంగితే నష్టం లేదు. గొట్టాన్ని రంపంతో కోయవద్దు. చక్రపు కట్టరుతో నెమ్మదిగా తిప్పుతూ కోయాలి. లోపలి అంచున లేచిన బర్‌ని గీరెయ్యాలి. వంపు వ్యాసార్థం గొట్టం వ్యాసానికి మూడు రెట్లకి తగ్గకూడదు. వంచడానికి బెండరు వాడండి. మోకాలిమీద వంచితే గొట్టం నొక్కుకుపోతుంది. పని అయ్యాక గాలి ఊది, ద్రావకంతో కడగాలి. ఒక్క లోహపు పొట్టు ఇంజెక్టరు దాకా పోయిందంటే అంతే మరి.

ఇంకొక మాట. మూతి విప్పేముందు నట్టు, దాని వెనక స్లీవూ గొట్టంలోకి ఎక్కించారో లేదో చూసుకోండి. నేను మూడుసార్లు మరిచిపోయాను. మూడుసార్లూ మూతి కోసి పారెయ్యవలసి వచ్చింది, గొట్టం ఆ మేరకు పొట్టిదైంది.

ఫిట్టింగుని అడగవలసిన ఒకే ప్రశ్న

ఫిట్టింగుల కేటలాగు చూస్తే కళ్లు తిరుగుతాయి. కాని ప్రతి ఫిట్టింగునీ ఒక్క ప్రశ్న అడిగితే చాలు: 'నువ్వు ఎక్కడ మూసుకుంటావు?' జవాబులు ముఖ్యంగా మూడే.

ఒకటి, కోసు మీద. గొట్టం మూతిని గరాటులాగా విప్పి, ఫిట్టింగు ముక్కు మీద నట్టుతో నొక్కుతాం. ఇక్కడ మరలు నొక్కడానికి మాత్రమే, మూసేది కోసు. కనుక ఈ మరలకి టెఫ్లాన్ టేపు చుట్టడం శుద్ధ దండగ. అంతేకాదు, టేపు పోగు తెగి ఇంజెక్టరులో ఇరుక్కుంటుంది.

రెండు, మరల మీద. ఇవి కొసకి సన్నబడే మరలు. బిగించేకొద్దీ ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి. వీటికి పెట్రోలుకి కరగని సీలెంటు కావాలి. ఇందులో అమెరికా మర వేరు, బ్రిటిషు మర వేరు. ఒకదాని కోణం 60 డిగ్రీలు, రెండోదానిది 55. అర అంగుళం సైజులో రెండింటికీ అంగుళానికి పద్నాలుగు మరలే ఉండటంచేత ఒకదానిలో ఒకటి హాయిగా ఎక్కుతాయి. ఎక్కి, కారుతాయి.

మూడు, వాషరు మీద. సమాన వ్యాసపు మర. దాని మెడ కింద రాగి వాషరో, రబ్బరు అంచున్న వాషరో ఉంటుంది. ఇక్కడా మరకి టేపు అక్కర్లేదు. వాషరు కూర్చునే ముఖం నున్నగా ఉంటే చాలు.

కొలతల విషయం కూడా చెప్పాలి. పందెపు కార్లలో వాడే ఫిట్టింగులు అమెరికా సైన్యం, నౌకాదళం కలిసి నిర్ణయించిన కొలతలనుంచి వచ్చాయి. 'ఆరో నంబరు' అంటే అంగుళంలో పదహారింట ఆరు వంతులు, అనగా 9.53 మి.మీ. బయటి వ్యాసమున్న గొట్టానికి సరిపడేది. దాన్ని 10 మి.మీ. గొట్టంతో కలపబోతే అర మిల్లీమీటరు తేడా వస్తుంది. అర మిల్లీమీటరు మనకి చిన్నది. పెట్రోలుకి అది సింహద్వారం.

నేను చేసిన తప్పు

ఇంతవరకు పంతుల్లా మాట్లాడాను. ఇప్పుడు నా సంగతి చెబుతాను.

మూతి విప్పే పరికరం నా దగ్గర ఒకటి అప్పటికే ఉంది, 45 డిగ్రీలది. మామూలు కార్ల గొట్టాలకి ఆ కోణమే వాడతారు. నేను కొన్న ఫిట్టింగులు మాత్రం 37 డిగ్రీలవి. ఆ సంగతి పెట్టెమీద రాసే ఉంది. నేను చదవలేదు. చదవకపోవడానికి కారణం, నట్టు చక్కగా ఎక్కడమే. ఈ సైజులో రెండు పద్ధతులకీ అర అంగుళం వ్యాసం, అంగుళానికి ఇరవై మరలే. మర కలిసింది కదా, కోణం కూడా కలిసిందనుకున్నాను.

పంపు వేసి చూస్తే ఒకచోట చెమ్మ కనిపించింది. పానా తీసి ఇంకొంచెం బిగించాను. ఆగింది. సంతోషించాను.

తరవాతి ఆదివారం మా అమ్మాయిని పక్కన కూచోబెట్టుకుని ఇరవై కిలోమీటర్లు తిప్పాను. తిరిగొస్తుండగా అంది, "నాన్నా, బంకు వాసన వస్తోంది" అని. "కొత్త బండి కదమ్మా, అలాగే ఉంటుంది" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు సిగ్గు. ఇంటికొచ్చి గ్యారేజీలో పెట్టాక మా ఆవిడ లోపలినుంచే, "ఏమండీ, వంటింట్లోకి పెట్రోలు వాసన కొడుతోంది" అని కేకేసింది. మా గ్యారేజీకి వంటింటికి మధ్య ఒక తలుపే అడ్డం.

బానెట్ ఎత్తి చూశాను. ఆ నట్టు కింద తడి. తడి నుంచి ఒక బొట్టు. బొట్టు పడబోయే చోటుకి జానెడు దూరంలో ఎగ్జాస్టు మేనిఫోల్డు, అప్పుడే దిగిన వేడితో చిటపటమంటోంది. పెట్రోలు ఆవిరి నిప్పురవ్వ లేకుండానే అంటుకోవడానికి సుమారు 250 డిగ్రీల పైచిలుకు వేడి చాలు. జోరుగా తిరిగిన బండి మేనిఫోల్డు అంతకంటే ఎంతో వేడిగా ఉంటుంది. బండిని చేత్తోనే బయటికి తోసి, తలుపులన్నీ తెరిచి, ఏ స్విచ్చీ ముట్టుకోవద్దని ఇంట్లోవాళ్లకి చెప్పాను. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేలమీద పాకుతుంది, గుంటల్లో చేరి కాచుకుని ఉంటుంది.

మర్నాడు ఆ జాయింటు విప్పాను. ఫిట్టింగు ముక్కుమీద వెడల్పాటి పట్టీలాగా ఉండవలసిన ముద్ర, లోపలి అంచు దగ్గర వెంట్రుకంత గీతలాగా ఉంది. కోణాలు కలవకపోతే తాకేది ఆ గీత మేరకే. 'ఇంకొంచెం బిగించడం' వల్ల ఆ గీత దగ్గర లోహం పలచబడి బీట తీసింది. అదురు మిగతా పని చేసింది.

మన వర్క్‌షాపులో ఫిట్టింగు నేర్పిన మేస్త్రీగారు ఒకరుండేవారు. ఆకురాయి పట్టడం నాకు ఆయనే నేర్పారు. నేను రాసిన ముక్కకి ప్రష్యన్ బ్లూ పూసి, పలకమీద పెట్టి తీసి, రంగు ఎక్కడ అంటిందో చూపించి, "బాబూ, ఇనుము అబద్ధం చెప్పదు. చెప్పేది మన చెయ్యే" అనేవారు. ముప్పై ఏళ్ల తరవాత, వేల కిలోమీటర్ల అవతల, ఆ గీత చూస్తుంటే ఆయన గొంతే వినిపించింది.

37 డిగ్రీల పరికరం కొన్నాను. వేసిన గొట్టాలన్నీ విప్పి, ప్రతి మూతీ కోసి, మళ్లీ చేశాను. ప్రతి కోసుకీ నీలిరంగు పూసి, చుట్టూ తెగని పట్టీ వచ్చిందాకా ఒప్పుకోలేదు. మరలకి చుక్క నూనె. ఒక పానా ఫిట్టింగుని పట్టుకోవడానికి, ఇంకొకటి నట్టు తిప్పడానికి. బిగింపు తయారీదారు పట్టిక ప్రకారం. కారుతున్న జాయింటుని బిగించకూడదు, విప్పి చూడాలి. నేను నేర్చుకున్న పాఠం ఇది.

రబ్బరు ముక్క

గట్టి గొట్టం చట్రానికి, ఇంజను దాని రబ్బరు దిమ్మెలమీద ఊగుతుంది. కనుక రెంటినీ కలిపేచోట మెత్తని గొట్టం ఒక ముక్క తప్పదు. దీనికి బజారులో దొరికే ఏదో రబ్బరు పనికిరాదు. ఎస్.ఏ.ఇ. జె30 ప్రమాణంలో ఆర్7 రకం కార్బురెటర్ల తక్కువ ఒత్తిడికి. ఆర్9 రకం ఇంజెక్షన్ ఒత్తిడికి. ఆర్9 లోపలి పొర ఫ్లోరో రబ్బరు. ఆల్కహాలు కలిసిన పెట్రోలుకి కూడా తట్టుకుంటుంది.

ఆ చివరి మాట ఇప్పుడు ముఖ్యం. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. మన దేశంలో 20 శాతం మిశ్రమం 2023లో మొదలై, 2025కల్లా దేశమంతటికీ చేరింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరుని పాడుచేస్తుంది, జింకునీ పూత లేని అల్యూమినియాన్నీ తినేస్తుంది. పాత బళ్ల మెకానిక్కు మీకు అలవాటుగా ఇచ్చే గొట్టం ఈనాటి పెట్రోలుకి సరిపోతుందని నమ్మకండి. గొట్టంమీద అచ్చువేసిన అక్షరాలు చదవండి.

గట్టి గొట్టం కొసన చిన్న ఉబ్బు తీసి, దాని వెనక క్లాంపు పడేలా బిగించాలి. చుట్టూ సమంగా నొక్కే, నట్టు బోల్టున్న క్లాంపే వాడాలి. గాడులు కోసిన పట్టీ క్లాంపు రబ్బరుని కోస్తుంది. ఫార్ములా స్టూడెంటు పోటీల్లో ఇంజెక్షన్ గొట్టాలకి దాన్ని ఒప్పుకోరు.

పెట్రోలు పోసేముందు

ముందు గాలితో చూడండి. ట్యాంకునీ ఇంజనునీ విడదీసి, గొట్టంలో తక్కువ ఒత్తిడి గాలి నింపి, ప్రతి జాయింటుకీ సబ్బునీరు రాయండి. తరవాత కాస్త పెట్రోలు పోసి, ఆరుబయట, ఇగ్నిషన్ తెగ్గొట్టి, పంపుని మాత్రమే తిప్పండి. తెల్ల కాగితంతో ప్రతి నట్టునీ తుడిచి చూడండి. పక్కన ఒక మనిషి మంటలార్పే సిలిండరుతో నిలబడాలి. ఆ మనిషికి దాన్ని వాడటం తెలిసుండాలి. బండికి గుద్దు తగిలితే పంపు దానంతటదే ఆగిపోయే ఇనర్షియా స్విచ్చి పెట్టండి. మొదటి వంద కిలోమీటర్ల తరవాత మళ్లీ అన్నీ చూడండి.

చివరిగా

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పోటీకి రేపు బయల్దేరాలి, రాత్రి రెండయింది, అందరూ అలసిపోయారు, ఒక నట్టు దగ్గర కొంచెం తడి కనిపించింది. అలాంటి క్షణం మీకు తప్పక వస్తుంది. 'ఇంకొంచెం బిగిద్దాం' అని ఎవరో ఒకరు అంటారు. బహుశా అందరిలోకీ తెలివైనవాడే అంటాడు. అప్పుడు 'విప్పి చూద్దాం' అనే ఒక్కరు మీ జట్టులో ఉండాలి. ఆ సీటులో కూచోబోయేది మీ స్నేహితుడే.

నా కారు ఇప్పటికీ తిరుగుతోంది. మా అమ్మాయి వచ్చినప్పుడల్లా ఎక్కుతుంది. ఎక్కేముందు బానెట్ దగ్గర వంగి ఒకసారి వాసన చూస్తుంది. నేను నవ్వను. నేనూ అదే చేస్తాను.